పడకటింటి చలువయు రేవులోని ఐసును

తెల్లవారుజామున నాలుగు గంటలకు విశాఖపట్టణపు ఫిషింగ్ హార్బరునకు పోయి చూచినవారికి అచటి వ్యాపారమునకు ఆయువుపట్టు ఏదియో వేరుగ చెప్పనక్కరలేదు. పది పదునైదు దినములు సముద్రముపై తిరిగివచ్చిన మరపడవ జెట్టీకి చేరినంతనే అందరి కన్నులును చేపలగది మూతపైననే యుండును. మూత తీయగా లోపల ఐసు నిలిచియున్నచో వంజరమునకు వంజరపు వెలయు, రొయ్యకు రొయ్య వెలయు వచ్చును. ఐసు కరిగి నీరైపోయినచో ఎగుమతి వర్తకుడు ముఖము త్రిప్పుకొనును. ఆ సరకు ఎండుచేపల కళ్లమునకో దాణా మిల్లునకో పోవలసినదే. దానివలన పడవ యజమాని నష్టపడును, నిజమే. కాని యజమానికి అప్పైనను పుట్టును. రాబడిలో వాటాకు పనిచేయు కలాసికి ఆ పదునైదు దినముల కష్టమును గంగలో కలిసినట్లే. వేలమున తట్టెడు చేపలు పాడుకొని, ఎండ యెక్కకమునుపే పట్టణములో ఇల్లిల్లు తిరిగి అమ్ముకొను ఆడువారికి ఆ పూట పొయ్యి వెలుగదు.

ఈ ఐసు ఆకాశమునుండి రాలిపడునది కాదు గదా! ఐసు కంపెనీలలో ఉప్పునీటి తొట్లయందు మంచినీటి డబ్బాలను దించి, అమోనియా యంత్రములతో రేయింబవళ్లు చలువ పుట్టించి గడ్డకట్టించుచున్నారు. పెద్ద దిమ్మ కట్టుటకు ఇంచుమించు ఒక దినము పట్టును. ఒక టన్ను ఐసునకు స్థూలముగ 60 మొదలు 80 యూనిట్ల విద్యుత్తు వ్యయమగును. నడుమ రెండు గంటలు కరెంటు పోయినచో పోయినది రెండు గంటలే యని లెక్కకట్టరాదు. తొట్టి వేడెక్కును, దానిని తిరిగి మునుపటి చలికి తెచ్చుటకే మరికొంత కాలము పట్టును, తెల్లవారుజామున పడవ కెక్కవలసిన దిమ్మ పొద్దెక్కిన తరువాత గాని సిద్ధము కాదు. డీజిలు యంత్రము పెట్టి నడపుదురా, ఐసు వెల పెరుగును. పెరిగిన వెల నిచ్చుకొనలేని చిన్న యజమాని తక్కువ ఐసుతో పడవను పంపును. ఆ పడవ తక్కువ దినములకే మరలివచ్చును. విద్యుత్తు కరవు రేవులో ఈ విధముగ చేపల తూకములో కనబడును.

ఇక మన యిండ్ల సంగతి చూతము. వేసవి రాత్రి ఎం.వి.పి. కాలనీలోగాని సీతమ్మధారలోగాని వీధివెంబడి నడచినచో మేడమేడకును ఏ.సి. యంత్రములు గుఱ్ఱుపెట్టుచుండును. ఈ యంత్రములను టన్నులలో కొలుతురని అందరు నెరుగుదురు. ఒక టన్ను, ఒకటిన్నర టన్ను, రెండు టన్నులు. ఏమి టన్నులివి? యంత్రపు బరువని తలచువారు మాకు తెలిసినవారిలోనే పలువురు కలరు. అది ఐసు బరువు. యంత్రచలువ పుట్టకమునుపు అమెరికాలో చల్లదన మనునది ఐసుతోడనే గనుక, ఒక టన్ను ఐసు 24 గంటలలో కరిగి యెంత చలువ నిచ్చునో అంత చలువ నిచ్చు యంత్రమునకు ఒక టన్ను యంత్రమని పేరిడిరి. ఆ టన్ను మన వేయి కిలోల టన్ను గాక 907 కిలోల అమెరికా టన్ను; అయినను భావ మొక్కటే. ఆ లెక్కను ఒకటిన్నర టన్ను ఏ.సి. యెనిమిది గంటలు నిండు బలముతో నడచినచో 450 కిలోల ఐసు ఆ పడకటింటిలో కరిగినంత చలువ యగును. ఇందు అలంకార మేమియు లేదు, అంకగణితమే. ఈ లెక్క మా కార్యాలయములో చెప్పగా ఒక మిత్రుడు “అయితే నేను రాత్రికి అర టన్ను ఐసును పరుపు క్రింద పరచుకొని పరుండుచున్నానన్నమాట” అని నవ్వెను. నవ్వెనుగాని ఇంటికి పోయి యంత్రపు మీటను 24 పై నిలిపెనని మరునాడు తెలిసినది.

కొరత లేనినాడు పడకటింటికిని రేవునకును పోటీ లేదు. కొరత వచ్చినప్పుడు రెండును ఒకే కుండలోని నీరు త్రాగవలసినవే. అట్టి కొరత మనకు క్రొత్తది కాదు. 2021 అక్టోబరులో దేశమునందలి థర్మల్ కేంద్రములకడ బొగ్గు నిలువలు సగటున నాలుగు దినముల వాడుకకు దిగిపోయెను. ఆ నెల 8వ తేదీన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ఈ విషయమై ప్రధానమంత్రికి లేఖ వ్రాసెను. సాయంకాలము 6 గంటలనుండి రాత్రి 10 గంటలవరకు ఇండ్లలో విద్యుత్తును, ముఖ్యముగ ఏ.సి.లను, పొదుపుగ వాడుకొనుడని ప్రభుత్వ పక్షమున ప్రజలను కోరిరి. కోరుటయైతే కోరిరి, ఎందుకు కోరుచున్నారో, ఎవరికొరకు కోరుచున్నారో జనులకు విడమరచి చెప్పు యత్నము చాలినంతగ జరిగినదని మాకు తోచదు. ఆరు మాసములు నిండునప్పటికి, 2022 ఏప్రిల్ 8 నుండి, పరిశ్రమలకు పవర్ హాలిడే వచ్చినది.

సాయంకాలమే యేల యని యడుగవచ్చును. పట్టణమునకు సమీపమున సింహాద్రి థర్మల్ కేంద్రపు జలాశయముపై 2021 ఆగస్టులో 25 మెగావాట్ల తేలు సౌరఫలకములను నెలకొల్పిరి. పగలెల్ల అవి పనిచేయును. పొద్దు గ్రుంకగనే విశ్రమించును. రాష్ట్రమునందలి సౌరవిద్యుత్తు గతి యంతయు నిదియే. సరిగా ఆ వేళకే ఇంటింటను దీపము, పంకా, నీటి మోటారు, మిక్సీ, ఏ.సి. మేలుకొనును. ఆ నాలుగు గంటల బరువును మోయువానిలో ముఖ్యమైనవి బొగ్గును, సీలేరు మాచ్‌ఖండుల నీరును. 2000 మెగావాట్ల సింహాద్రికి బొగ్గు ఒడిశాలోని తాల్చేరు గనులనుండి రైలుమీద రావలెను. ఒక్క యూనిట్టు పుట్టించుటకు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలవలెను. రాత్రి భోజనవేళ మనము ఆపిన ప్రతి యూనిట్టునకును ఇంచుమించు ముప్పాతిక కిలో బొగ్గు సింహాద్రి గుట్టలో మరునాటికి మిగులును.

2022 నాటి పవర్ హాలిడేను గూర్చి ఒక్క మాట చెప్పవలసియున్నది. గృహములకును సేద్యమునకును లోటు రాకుండుటకై ఆ కోతను పరిశ్రమలపై పెట్టిరి. వారపు సెలవునకు తోడు మరియొక దినము యంత్రములు నిలుపవలెను. ఎడతెగక నడువవలసిన పరిశ్రమలు తమ వాడుకలో సగమునకు మించరాదు. వినుటకు ఈ యేర్పాటు ధర్మముగనే యున్నది. పసిబిడ్డలును ముసలివారును గల ఇంటిని వేసవిరాత్రి చీకటిపాలు చేయుమని యెవరు చెప్పుదురు? కాని “ఇల్లు” అను ఒక్క మాట చాటున ఎన్ని రకముల ఇండ్లు దాగియున్నవి! పెదజాలరిపేటలో ఒక్క పంకా క్రింద ఆరుగురు ఒత్తిగిలి పరుండునదియు ఇల్లే. మూడు గదులలో మూడు ఏ.సి.లు నడపుచు, దుప్పటి కప్పుకొని పరుండునదియు ఇల్లే. కోత చిట్టాలో రెండును ఒకే పద్దు. అటులనే “పరిశ్రమ” యనగా కోటీశ్వరుని యంత్రశాల యని యెంచువారు రేవువైపు వచ్చి చూడవలెను. అక్కడ యంత్ర మాగిన దినమున ఐసు దిమ్మలు మోయు కూలికిని, రొయ్యలు వలుచు ఆడుకూలికిని పని యుండదు. పని లేని దినమునకు కూలి యుండదు. దుప్పటి కప్పుకొనునంత చలువకొరకు అవతలివాని దినవెచ్చము పోవుచున్నదని తెలిసినచో ఆ దుప్పటి కప్పుకొనువాడు తప్పక సంకోచించును. ఆతడు చెడ్డవాడు గాడు. ఆ సంగతి ఆతనికి ఎవరును చెప్పలేదు, అంతియే.

ఈ పట్టణమునకు దీప మార్పుట నేర్పవలసిన పనిలేదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖ రేవుపైనను కాకినాడపైనను బాంబులు వేసెను. జనులు పల్లెలకు తరలిపోయిరి. ఉన్నవారు దీపములు మరుగుపరచుకొని కాలము గడపిరి. తరువాత 1971 డిసెంబరు యుద్ధములో, 3వ తేదీకిని 4వ తేదీకిని నడిమి రాత్రి పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ రేవు ముఖమున మునిగిపోయెను. ఆ దినములలోను కిటికీలకు నల్లకాగితము లంటించుకొన్నవారు మన పెద్దలలో నేటికిని కలరు, అడిగిన చెప్పుదురు. ఒక్క కిటికీలోని వెలుగు సముద్రముమీదివానికి రేవు జాడ తెల్పునని అప్పు డందరికి తెలియును. కనుక ఎవ్వరును “నా దీపము, నా డబ్బు” అని వాదించియుండరు.

2014 అక్టోబరు 12 ఆదివారమున హుద్‌హుద్ తుపాను వచ్చి చేసిన పని వేరు. అప్పుడు దీప మార్పుమని యెవరును కోరలేదు, గాలియే ఆర్పివేసినది. గంటకు 180 కిలోమీటర్లకు మించిన గాలికి స్తంభములును గోపురములును కూలి, పట్టణమంతయు చీకటైపోయెను. రేవులో పడవలు కొన్ని మునిగెను, కొన్ని గట్టుకు కొట్టుకొని పగిలెను. కొన్ని పేటలకు విద్యుత్తు తిరిగి వచ్చునప్పటికి వారము దాటినది. ఆ చీకటిలో విశాఖవాసులు చూపిన ఓరిమిని మరువరాదు. ఒక్క జనరేటరు తెచ్చి వీధి వీధంతకు బోరునీరు తోడుకొనిరి. అదే నెల 23న దీపావళి వచ్చెను. విరిగిపడిన చెట్ల యెండుకొమ్మలు వీధుల నిండ నున్నందున నిప్పు రవ్వకు భయపడి, బాణసంచా కాల్పకుడని అధికారులు కోరగా పట్టణము ఆ మాట మన్నించెను. పిల్లలుగల ఇంట మతాబా లేని దీపావళి యెట్టిదో పిల్లలున్నవారికే తెలియును. ఆ మరుసటి సంవత్సరము పట్టణపు వీధిదీపములను 90,000లకు పైగా మార్చి ఎల్.ఇ.డి. దీపములను పెట్టిరి. తుపాను వలన కలిగిన మేలు ఏదైన నున్నచో అది యొక్కటే యనవచ్చును.

అయినచో 1942లో సాధ్యమైనది, 2014లో సాధ్యమైనది, బొగ్గు కరవు వచ్చిననాడు ఏల కష్టమైనది? మాకు తోచిన కారణ మిది. యుద్ధకాలమున పొరుగింటి దీపము మనకు కనబడును. దాని నార్పని వానిని వీధివా రందరును మందలింతురు. తుపాను కష్టము అందరి ముంగిటను కూలిపడియున్నది. విద్యుత్తు కొరత యట్టిది కాదు. ఏ.సి. గది తలుపులు మూసియే యుండును. మూసినగాని చలువ నిలువదు. ఎవ రెంత వాడుచున్నారో పొరుగువానికి తెలియదు. వాడువానికైనను నెలకొకమారు బిల్లు వచ్చినప్పుడు గాని తెలియదు. బిల్లు చెల్లించినవాడు తన ఋణము తీరినదనుకొనును. రొక్క మిచ్చి కొన్నదానిని పొదుపు చేయుమనుటకు మీ రెవరని మమ్ములను పలువు రడిగియున్నారు. వారికి మా ప్రత్యుత్తర మొక్కటే: కొరతనాడు రొక్కము బొగ్గును పుట్టింపదు. మీ రొక్కమునకు వచ్చిన యూనిట్టు మరియొకని వంతునుండి తీసినది.

పరదేశములలో ఈ కార్యమును చేసి చూపినవారున్నారు. 2001లో బ్రెజిలు దేశమున వానలు లేక జలాశయము లెండిపోగా, అచటి ప్రభుత్వము ఇంటింటివారిని వెనుకటి యేటి వాడుకలో 20 వంతులు తగ్గించుకొనుమని విధించినది. నెలకు నూరు యూనిట్లలోపు వాడు బీద యిండ్లను ఆ నిర్బంధమునుండి విడిచిపెట్టిరి; తగ్గించిన వారికి బహుమాన మిచ్చిరి; మించినవారికి అపరాధము వేసిరి. జూన్ మొదలు మరుసటి ఫిబ్రవరి కడవరకు జనులు అట్లే నడచుకొని, వంతులవారీ చీకటిని తప్పించుకొనిరి. 2011లో ఫుకుషిమా యణుకేంద్రము చెడిన పిమ్మట జపానులో టోకియో, తోహోకు ప్రాంతములవారిని ఆ వేసవిలో 15 వంతులు తగ్గించుకొనుమని కోరిరి. పెద్ద కర్మాగారములకు అది శాసనము. ఇండ్లకు కేవలము మనవి. నేడు వాన కురియునా కురియదా యని చెప్పినట్లు, నేడు విద్యుత్తు చాలునా చాలదా యని అచట ప్రతిదినము ప్రకటించిరి. ఈ రెండు దేశములలోను జనులు మనకంటె పుణ్యాత్ములని మేము తలపము. వారికి లెక్క చూపిరి. భారమును న్యాయముగ పంచిరి. అందువలన వారు విశ్వసించిరి.

విశ్వాసమను మాట వచ్చినది గనుక జనులు చెప్పు ఆక్షేపణను దాచక చెప్పుదుము. “మేము పంకా ఆపుకొని చెమటలు క్రక్కుచుండగా, బీచి రోడ్డున రంగురంగుల తోరణదీపము లెవరికొరకు? పగలు వెలుగుచున్న వీధిదీపముల నెవరు చూచుచున్నారు? ఒక్కరును లేని గదిలో కార్యాలయపు ఏ.సి. యేల తిరుగుచున్నది?” ఈ యాక్షేపణ న్యాయమైనది. ప్రకటన ఫలకముపై ఒక నగల దుకాణపు బొమ్మకు తెల్లవార్లు దీపము పెట్టి, జాలరిపేట ముసలమ్మను పంకా ఆపుమనుట పొదుపు కాదు, అపహాస్యము. మే మొక్క పంకాను గూర్చి మాటాడుట లేదు. ఒక్క పంకాయు ఒక్క దీపమును గల ఇంటికి ఈ వ్యాసముతో నిమిత్తము లేదు. ఈ మాట ఏ.సి.యు, నీళ్లు కాచు గీజరును, బట్టలుదుకు యంత్రమును గల ఇండ్లకు. అనగా మా పాఠకులలో చాలమందికి, మాకును.

అట్టి ఇండ్లలో చేయదగిన పని పెద్దది కాదు. సాయంకాలము 6 మొదలు 10 వరకు ఏ.సి.ని ఆపి పంకా పెట్టుకొనుట. ఆపలేని రోగు లున్నచోట మీటను 24కు దిగనీయకుండుట. ఒక డిగ్రీ హెచ్చించినచో వాడుక సుమారు ఆరు వంతులు తగ్గునని కేంద్రప్రభుత్వపు విద్యుత్తు పొదుపు శాఖవారి లెక్క. 2020 జనవరినుండి క్రొత్తగా తయారగు యంత్రములు 24 పైననే మొదలగునట్లు కట్టడి చేసినదియు అందులకే. నీటి మోటారును, ఇస్త్రీని, బట్టల యంత్రమును ఎండ వేళకు మార్చుకొనుట. అప్పుడు సూర్యుని విద్యుత్తు పుష్కలముగ నుండును. ఒక లక్ష యిండ్లలో ఒక్కొక్క ఏ.సి.ని రాత్రి వేళ ఒక్క గంట ఆపినచో, యంత్రమునకు గంటకు ఒక యూనిట్టు చొప్పున వేసికొన్నను లక్ష యూనిట్లు మిగులును. అది 1,200 టన్నులకు మించిన ఐసునకు చాలును. ఈ సంఖ్యను చూచి ఒక్కని వలన ఏమగునని యెవరును అనరాదు. వేయి చేతులు లాగినగాని పెద్దవల గట్టున పడదని ఈ తీరపువారికి మేము చెప్పవలెనా?

అయితే ఇంట మిగిలిన యూనిట్టు తనంత తాను రేవులోని ఐసు కంపెనీకి నడచిపోదు. దానిని చేర్చవలసినవారు విద్యుత్తు పంపిణీ సంస్థవారు. వారి ప్రధాన కార్యాలయము ఈ పట్టణముననే యున్నది. గృహస్థుని పొదుపును కోరునప్పుడు వారును ఒక మాట ఇయ్యవలెను: ఆ సాయంకాలమున మిగిలినదానిని మొట్టమొదట ఆసుపత్రులకును, మంచినీటి పంపులకును, రేవులోని ఐసునకును పంపుదుమని, మిగిలిన దెంతయో, పంపిన దెచటికో మరునాడు అందరికిని కనబడునట్లు వ్రాసిపెట్టుదుమని. జగదాంబ కూడలిలో ఒక పలక, ఫిషింగ్ హార్బరు జెట్టీమీద ఒక పలక చాలును. ఈ పలక లేని మనవి 2021 నాటి మనవివలెనే గాలిలో కలిసిపోవును. ఇంత చిన్న పనికి సంఘములు వేసి, నివేదికలు వ్రాయించి కాలహరణము చేయరని ఆశించుచున్నాము. ఆశించుటకు ఆధారము తక్కువే యైనను ఆశించుచున్నాము.

ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు తూర్పు తీరమున మరపడవలకు వేట నిషేధము. చేప గ్రుడ్లు పెట్టు కాలమది. నడివేసవి యంతయు పడవలు కట్టుబడియే యుండును గనుక రేవునకు అప్పు డైసు అక్కర తక్కువ. ఆ న్యాయమును ఒప్పుకొందుము. కాని జూన్ 14 అర్ధరాత్రి దాటినంతనే వందలాది పడవలు ఒక్కమారుగ సముద్రమునకు పోవలెను. ఒక్కొక్కదానికి టన్నులకొలది ఐసు అదే వారమున కావలెను. అప్పటికి వానలు పూర్తిగ పట్టవు, పట్టణములో ఉక్క తగ్గదు, ఏ.సి.లు ఆగవు. రెండు మాసములు రాబడి లేక అప్పుచేసి తిన్న కలాసీలు ఆ మొదటి వేటకై కాచుకొనియుందురు. పఠనమందిరములవారు ఈ పొదుపును తమ సభ్యులలో ఆరంభింప దలచినచో ఆ వారమునకు మించిన ముహూర్తము లేదు. సభ్యుల పేర్లు వ్రాయుటకు ఒక పుస్తకమును, గోడకు ఒక పలకయు నున్నచో చాలును. మొదటి సాయంకాలపు పద్దులో మా కార్యాలయమును వ్రాసికొనవచ్చును: ఏ.సి.లు రెండు, నాలుగు గంటలు, ఆపబడినవి.